సిన్సినాటి రెడ్స్ సొంతగడ్డపై తొలి ఆట: టికెట్ల కొనుగోలుపై తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలోని ఓహాయో రాష్ట్రం దక్షిణపు కొసన, ఓహాయో నది ఒడ్డున ఉన్న సిన్సినాటి నగరంలో, ఆ ఊరి జట్టు రెడ్స్ ఆడే బేస్‌బాల్ సీజన్ తొలి ఆట పండుగతో సమానం. ఆఫీసుకు సెలవు పెట్టుకుని వచ్చేవారు, పిల్లలను ఆ పూటకు బడి మాన్పించి ఊరేగింపుకు తీసుకువచ్చేవారు, ఒకప్పుడు తాత చెయ్యి పట్టుకుని ఆటకు వెళ్లి ఇప్పుడు మనవడి చెయ్యి పట్టుకుని వెళ్లేవారు ఆ రోజు నగరం నడిబొడ్డున కనిపిస్తారు. మేసన్, వెస్ట్ చెస్టర్ వంటి ఉత్తర శివార్లలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు, సిన్సినాటి విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న మన పిల్లలు ఈ సందడిలో పాలుపంచుకోవాలని కోరుకోవడం సహజమే. అయితే ఏడాది మొత్తంలో టికెట్ దొరకడం అతి కష్టమైన ఆట కూడా ఇదే కనుక, తొలిసారి కొనేవారికి కలిగే సందేహాలకు ఇక్కడ కొంత వివరంగానే సమాధానాలు ఇస్తున్నాము.

ఓపెనింగ్ డే అంటే ఏమిటి? సిన్సినాటిలో దానికి ఇంత ప్రాధాన్యం ఎందుకు?

అమెరికాలో అగ్రశ్రేణి బేస్‌బాల్ పోటీ అయిన మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో ప్రతి జట్టూ సీజన్‌లో 162 ఆటలు ఆడుతుంది. వాటిలో సగం, అంటే 81, సొంత మైదానంలో జరుగుతాయి. సీజన్ మొదలయ్యే రోజును ఓపెనింగ్ డే అంటారు. చాలా జట్లకు ఆ రోజు ఒక ఏడాది సొంత ఊళ్లో వస్తే మరో ఏడాది పరాయి ఊళ్లో వస్తుంది. పరాయి ఊళ్లో వచ్చినప్పుడు అక్కడి అభిమానులు తమ జట్టును సొంత మైదానంలో చూడడానికి మరో వారమో అంతకన్నా ఎక్కువో ఆగాలి. సిన్సినాటి రెడ్స్‌కు మాత్రం సీజన్‌ను సొంతగడ్డపైనే ప్రారంభించే ఆనవాయితీ 19వ శతాబ్దం నుంచి వస్తోంది. అందువల్ల సీజన్ తొలి ఆట, సొంత మైదానంలో తొలి ఆట అనేవి రెండూ ఇక్కడ ఒకే రోజున కలిసి వస్తాయి.

ఆటగాళ్లందరికీ బహిరంగంగా జీతాలిచ్చి ఆడించిన తొలి జట్టు 1869 నాటి సిన్సినాటి రెడ్ స్టాకింగ్స్ కావడంతో, ఆ గౌరవానికి గుర్తుగానే ఈ ఆనవాయితీ నిలిచిందని నగరవాసులు చాలామంది చెప్పుకుంటారు. అయితే ఆ రోజును ఒక ఉత్సవంగా తీర్చిదిద్దిన ఘనతలో పెద్ద వాటా, 1890ల నుంచి రెడ్స్ వ్యాపార వ్యవహారాలు చూసిన ఫ్రాంక్ బాన్‌క్రాఫ్ట్‌కు దక్కాలి. బ్యాండు మేళాలతో, ఊరేగింపులతో తొలి ఆటకు జనాన్ని రప్పించే పద్ధతిని ఆయన పట్టుదలగా అలవాటు చేశారు. 1920లో నగరంలోని పాత సంత ఫిండ్లే మార్కెట్ వర్తకులు తమ ఊరేగింపును ప్రారంభించాక, పండుగకు ఇప్పుడు మనం చూస్తున్న రూపం వచ్చింది.

ఈ ఆట ప్రతి ఏటా తప్పకుండా సిన్సినాటిలోనే జరుగుతుందా?

దాదాపు ప్రతి ఏటా అని చెప్పవచ్చు. 1966లో వాన వల్ల సొంతగడ్డపై ఆటలు రద్దయి రెడ్స్ ఫిలడెల్ఫియాలో సీజన్ ప్రారంభించవలసి వచ్చింది. 1990లో యజమానులకూ ఆటగాళ్లకూ మధ్య వివాదం వల్ల శిక్షణ శిబిరాలు ఆలస్యమై షెడ్యూలు మారినప్పుడు జట్టు హ్యూస్టన్‌లో మొదలుపెట్టింది. ఆ ఏడాది వరుసగా తొలి 9 ఆటలు గెలిచి, చివరకు లీగు విజేతను తేల్చే ప్రపంచ సిరీస్ కూడా గెలుచుకుంది. 2022లో మళ్లీ అలాంటి వివాదమే తలెత్తడంతో ఏప్రిల్ 7న అట్లాంటాలో ఆరంభించి, ఏప్రిల్ 12న క్లీవ్‌లాండ్‌తో సొంత మైదానంలో తొలి ఆట ఆడింది. 2020లో మహమ్మారి కారణంగా సీజన్ జూలై 24న, ప్రేక్షకులు లేని మైదానంలో మొదలైంది. ఈ ఉదాహరణలు చెప్పడానికి కారణం ఉంది. యజమానులకూ ఆటగాళ్ల సంఘానికీ మధ్య ఒప్పందం ముగిసే ఏడాదుల్లో విమానం టికెట్లు, హోటలు గదులు బుక్ చేసేటప్పుడు రద్దు చేసుకునే వీలున్నవే ఎంచుకోవాలి.

తేదీ ఎప్పుడు తెలుస్తుంది? టికెట్లు ఎప్పుడు అమ్మకానికి వస్తాయి?

తర్వాతి సీజన్ షెడ్యూలును లీగు సాధారణంగా ముందటి ఏడాది వేసవిలోనే ప్రకటిస్తుంది. తొలి ఆట ఇటీవలి ఏళ్లలో మార్చి చివరి వారంలో వస్తోంది. 2024లో మార్చి 28న వాషింగ్టన్ నేషనల్స్‌తో, 2025లో మార్చి 27న శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్‌తో జరిగింది. అంటే తేదీ తెలియడానికీ ఆట జరగడానికీ మధ్య ఆరు నెలలకు పైగా వ్యవధి ఉంటుంది. విడి టికెట్లు మాత్రం శీతాకాలంలో, సీజన్ ఇంకా దూరంగా ఉన్నప్పుడే అమ్మకానికి వస్తాయి. ఆ ప్రకటన ముందుగా అందాలంటే జట్టు అధికారిక ఈమెయిల్ జాబితాలో పేరు నమోదు చేసుకోవడం ఒక్కటే నమ్మదగిన మార్గం. ముందస్తు అమ్మకానికి సంబంధించిన సంకేత పదాలు కూడా ఎక్కువగా ఆ ఈమెయిళ్లలోనే వస్తాయి. డిసెంబరు మొదలుకొని వాటిని చదవకుండా తీసివేయకండి.

విడి టికెట్లు అంత తక్కువగా ఎందుకు ఉంటాయి?

రెడ్స్ ఆడే గ్రేట్ అమెరికన్ బాల్ పార్కులో 42,000 మందికి పైగా కూర్చోవచ్చు. వినడానికి ఇది పెద్ద సంఖ్యే. అయితే పూర్తి సీజన్ టికెట్లు ఉన్నవారి సీట్లు మొదట పక్కకు పోతాయి. తర్వాత కొన్ని ఆటలను కట్టగా కలిపి అమ్మే ప్యాకేజీలకు, బృందాలకు, ప్రాయోజక సంస్థలకు, ఆటగాళ్ల కుటుంబాలకు, విలేకరులకు కొన్ని వెళ్తాయి. మిగిలినవే సామాన్య కొనుగోలుదారుడి ముందుకు వస్తాయి. తొలి ఆటకు ఆ మిగులు సహజంగానే తక్కువ. జూలైలో ఒక మంగళవారం రాత్రి ఆటకు గేటు దగ్గర నిలబడి కూడా మంచి సీటు కొనుక్కోవచ్చు. మార్చిలో ఆ ధీమా పనికిరాదు.

ఒక్క తొలి ఆట కోసం ప్యాకేజీ కొనడం లాభమా?

లాభమో కాదో తేలేది మిగిలిన ఆటలకు మీరు నిజంగా వెళ్తారా లేదా అన్నదాన్ని బట్టి. ఏడాదికి నాలుగైదు ఆటలు ఎలాగూ చూసే కుటుంబానికి, తొలి ఆట కూడా కలిసి ఉన్న చిన్న ప్యాకేజీ దొరికితే అది అన్నిటికన్నా ప్రశాంతమైన మార్గం. టికెట్ మీ పేరున ముందే ఖాయమవుతుంది, అమ్మకం రోజు ఆదుర్దా ఉండదు. మిగిలిన ఆటల టికెట్లు తర్వాత అమ్ముకుందామనే ఆలోచనతో మాత్రం కొనకండి. వారం మధ్యలో వచ్చే ఆటలకు రీసేల్ ధరలు పెట్టిన డబ్బుకన్నా తక్కువకు పడిపోవడం మామూలే. ప్రతి ప్యాకేజీలోనూ తొలి ఆట ఉంటుందని కూడా అనుకోవద్దు. డబ్బు కట్టే ముందు ఆటల జాబితాలో తేదీని మీ కళ్లతో చూడాలి.

అమ్మకం మొదలయ్యే రోజున ఎలా సిద్ధంగా ఉండాలి?

మేజర్ లీగ్ టికెట్లు ఇప్పుడు ఫోన్‌లోని బాల్‌పార్క్ యాప్ ద్వారానే ఎక్కువగా అందుతాయి. అందువల్ల అమ్మకానికి ఒకరోజు ముందే ఖాతా తెరిచి, లాగిన్ అయి, కార్డు వివరాలు, చిరునామా నింపి పెట్టుకోండి. అమ్మకం మొదలయ్యే సమయం అమెరికా తూర్పు కాలమానం ప్రకారం ఇస్తారు. షికాగో నుంచో డాలస్ నుంచో కొనేవారు గంట తేడా లెక్కలోకి తీసుకోవాలి. ఇండియాలో ఉన్న బంధువు ద్వారా కొనిద్దామనుకునేవారు ఆ ఆలోచన మానుకోవడం మంచిది, ఎందుకంటే విదేశీ కార్డును వ్యవస్థ అనుమానించి చెల్లింపు మధ్యలో ఆగిపోతే సీట్లు చేజారిపోతాయి.

ఆన్‌లైన్ వరుసలో మీ వంతు వచ్చాక సీట్లు ఎంచుకోవడానికి కొన్ని నిమిషాలే ఉంటాయి. కనుక ఎన్ని సీట్లు, గరిష్ఠంగా ఎంత ధర, మైదానంలో ఏ భాగం అన్న మూడు విషయాలూ ఇంట్లో ముందుగానే మాట్లాడుకోవాలి. ఆరు సీట్లు పక్కపక్కన దొరకకపోతే నాలుగు ఒకచోట, రెండు మరోచోట తీసుకోవడానికి సిద్ధపడితే చాలాసార్లు పని జరుగుతుంది. పట్టుపట్టి వెతుకుతూ కూర్చుంటే ఆ రెండూ పోతాయి. పేజీ నెమ్మదిగా ఉందని పదే పదే రిఫ్రెష్ చేయకండి, దానివల్ల వరుసలో ఉన్న స్థానమే పోయే ప్రమాదం ఉంది.

ధర గంటగంటకూ ఎందుకు మారుతోంది? ఇది న్యాయమేనా?

గిరాకీని బట్టి ధరను మార్చే పద్ధతిని మేజర్ లీగులో శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్ 2009లో కొన్ని సీట్లకు పరీక్షించి, మరుసటి ఏడాది మైదానం మొత్తానికి వర్తింపజేశారు. తర్వాత ఇతర జట్లూ అదే బాట పట్టాయి. ప్రత్యర్థి జట్టు ఎవరు, వారంలో ఏ రోజు, వాతావరణం ఎలా ఉంది, ఇంకా ఎన్ని సీట్లు మిగిలాయి అన్నవాటిని బట్టి ఒకే సీటు ధర ఒక్కో ఆటకు ఒక్కోలా ఉంటుంది. విమానం టికెట్లు కొన్నవారికి ఇది కొత్తేమీ కాదు.

న్యాయమా అన్న ప్రశ్నకు మా అభిప్రాయం సూటిగా చెబుతాము. జట్టు తక్కువ ధరకు అమ్మినా ఆ తేడాను మధ్యలో దళారి తినేస్తాడన్న వాదనలో కొంత నిజం ఉంది. అయినా తొలి ఆట ఒక నగరం తరతరాలుగా తనదిగా భావించిన రోజు. కార్మిక కుటుంబం నలుగురు పిల్లలతో వచ్చి పైవరుసల్లోనైనా కూర్చోగలిగే ధరకు కొన్ని వేల సీట్లు ఏటా నిలిపి ఉంచడం జట్టు ధర్మమని మేము గట్టిగా నమ్ముతాము.

చూపించిన ధరకూ చివరికి కట్టే ధరకూ తేడా ఉంటుందా?

2025 మే 12 నుంచి అమలులోకి వచ్చిన అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధన ప్రకారం, ప్రత్యక్ష కార్యక్రమాల టికెట్లు అమ్మేవారు తప్పనిసరి రుసుములన్నీ కలిపిన మొత్తాన్నే మొదట చూపించాలి. అంతకు ముందు, తక్కువ ధర చూసి ముచ్చటపడి చివరి మెట్టు దాకా వెళ్లాక సేవా రుసుము, ప్రాసెసింగ్ రుసుము అంటూ భారం పెరిగేది. ప్రభుత్వ పన్నులు ఇప్పటికీ చివర్లో విడిగా కలిసే వీలుంది. రెండు సైట్లను పోల్చేటప్పుడు చెల్లింపు బొత్తం నొక్కడానికి ముందు వచ్చే చివరి మొత్తాన్నే పోల్చండి.

విడి టికెట్లు అయిపోయాయి. రీసేల్‌లో కొనవచ్చా?

కొనవచ్చు. 2023 నుంచి మేజర్ లీగ్ అధికారిక రీసేల్ వేదిక సీట్‌గీక్. అధికారిక వేదికలో జరిగే లావాదేవీలో టికెట్ నేరుగా లీగు వ్యవస్థ నుంచే మీ ఖాతాకు బదిలీ అవుతుంది కనుక నకిలీ భయం తక్కువ. ఇతర పేరున్న రీసేల్ సైట్లలోనూ కొనుగోలుదారుకు హామీలు ఉంటాయి. అయితే ఆ హామీ అంటే ఏమిటో తెలుసుకోవాలి. టికెట్ రాకపోతే డబ్బు వాపసు వస్తుందన్నదే చాలా సందర్భాల్లో దాని అర్థం. ఆ రోజు, ఆ ఊరేగింపు, మీ పిల్లవాడి ముఖంలో ఆ వెలుగు వాపసు రావు.

ఇక్కడ ఒక మోసం గురించి ప్రత్యేకంగా హెచ్చరించాలి. జట్టు విడి టికెట్లను ఇంకా అమ్మకానికి పెట్టకముందే కొన్ని సైట్లలో తొలి ఆట టికెట్లు కనిపిస్తాయి. కొన్ని సీజన్ టికెట్లు ఉన్నవారు పెట్టినవి కావచ్చు. మరికొన్ని చేతిలో టికెట్ లేకుండానే, తర్వాత ఎక్కడో కొని ఇద్దామన్న లెక్కతో పెట్టినవి. సెక్షన్ మాత్రం చెప్పి, వరుస, సీటు సంఖ్య చెప్పని ప్రకటనలను అనుమానించాలి. మనిషికి బదులు తామే క్షణాల్లో కొనేసే బాట్ ప్రోగ్రాములతో టికెట్లు మూటగట్టి కొనడాన్ని నిషేధిస్తూ 2016లోనే అమెరికాలో చట్టం వచ్చినా, ఆ బెడద పూర్తిగా తొలగిపోలేదు.

ధరలు తగ్గేదాకా ఆగాలా అంటే, ఒంటరిగానో ఇద్దరుగానో వెళ్లేవారు ఆట రోజు ఉదయం దాకా ఆగి చూడవచ్చు. చలి, వాన సూచన ఉన్న ఏడాది చివరి గంటల్లో అమ్మకందారులు దిగివస్తారు. నలుగురైదుగురు కలిసి కూర్చోవాలనుకునే కుటుంబం మాత్రం ఆ పందెం కాయకూడదు.

వాట్సాప్ గ్రూపులో ఒకరు టికెట్ స్క్రీన్‌షాట్ పంపి డబ్బు అడుగుతున్నారు. కొనవచ్చా?

వద్దు. స్క్రీన్‌షాట్ టికెట్ కాదు. అదే బొమ్మను పదిమందికి పంపడం ఎవరికైనా సాధ్యమే. గేటు దగ్గర మొదట స్కాన్ చేసినవారికే ప్రవేశం దొరుకుతుంది. మేము ఈ ఊరికి వచ్చిన తొలి ఏడాది తెలిసినవారికి తెలిసినవారని నమ్మి ఇలాగే నాలుగు టికెట్లు కొన్నాము. గేటు దగ్గర యంత్రం ఎర్రదీపం వెలిగించింది. లోపల ఆటగాళ్ల పేర్లు ఒక్కొక్కటే పిలుస్తుంటే, జనం కేకలు గోడ అవతలి నుంచి వింటూ, ఎనిమిదేళ్ల మా అబ్బాయికి ఏం చెప్పాలో తెలియక నిలబడ్డాము. ఆ పూట గుర్తుకు వచ్చినప్పుడల్లా ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. ఈ ప్రశ్నలు, జవాబులు రాయడానికి కారణాల్లో అదీ ఒకటి.

నమ్మకస్తుడైన స్నేహితుడి దగ్గరే తీసుకుంటున్నా సరే, యాప్ ద్వారా బదిలీ చేయమని అడగండి. టికెట్ మీ ఖాతాలోకి వచ్చి, మీరు స్వీకరించాకే డబ్బు పంపండి. నిజాయితీపరుడు దీనికి నొచ్చుకోడు.

ఏ సీట్లు తీసుకోవాలి?

బ్యాటర్ నిలబడే ఇంటి ప్లేటు వెనుక సీట్లలో పిచర్ వేసే బంతి వంపు స్పష్టంగా కనిపిస్తుంది, ధర కూడా అందుకు తగ్గట్టే ఉంటుంది. మొదటి బేస్ వైపు రెడ్స్ ఆటగాళ్లు కూర్చునే డగౌట్ ఉంటుంది కనుక ఆటగాళ్లను దగ్గరగా చూడాలనుకునే పిల్లలకు ఆ వైపు ఇష్టం. మా వరకు, తొలిసారి చూసేవారికి పై అంతస్తులో ఇంటి ప్లేటు వెనుక భాగాన్నే సూచిస్తాము. మైదానమంతా అరచేతిలా కనిపిస్తుంది. బంతి కొట్టగానే తొమ్మిదిమందీ ఎటు కదులుతున్నారో ఒక్క చూపులో తెలుస్తుంది. క్రికెట్ తెలిసిన కంటికి ఆట అర్థం కావడానికి ఆ ఎత్తే అనువైనది. అవుట్‌ఫీల్డు వెనుక ఓహాయో నది, అవతల కెంటకీ ఒడ్డు కూడా కనిపిస్తాయి.

కుడి మైదానం వెనుక ఉన్న సీట్లను పగటి ఆటలకు సన్ డెక్ అనీ రాత్రి ఆటలకు మూన్ డెక్ అనీ పిలుస్తారు. హోమ్ రన్ (క్రికెట్‌లో సిక్సర్ లాంటి దెబ్బ) బంతి చేతికి చిక్కుతుందేమోనని ఆశపడే యువతకు అక్కడ సందడి ఎక్కువ. దగ్గరలోనే పాత ఆవిరి పడవల పొగగొట్టాలను తలపించే రెండు స్తంభాలు నిలిచి ఉంటాయి. నది మీద పడవలు తిరిగిన కాలానికి అవి గుర్తు.

వేసవిలో అందరూ నీడ కోసం వెతుకుతారు. తొలి ఆటకు మాత్రం ఆ లెక్క తిరగబడుతుంది. మార్చి చివర్లో ఎండ పడే సీటే సుఖం. పై అంతస్తు చూరు కింద, నది గాలి తగిలే చోట, సాయంత్రం నాలుగు దాటాక మొదలైన ఆటలో ఆరో ఇన్నింగ్స్ వచ్చేసరికి వేళ్లు కొంకర్లు పోతాయి.

ఇండియా నుంచి వచ్చిన మా అమ్మానాన్నలను తీసుకువెళ్లవచ్చా? చక్రాల కుర్చీ అవసరమైతే?

తప్పకుండా తీసుకువెళ్లండి. పై అంతస్తులో మెట్లు నిటారుగా ఉంటాయి. మోకాళ్ల నొప్పులు ఉన్నవారికి ప్రవేశమార్గానికి దగ్గరగా, తక్కువ మెట్లు ఉండే వరుస ఎంచుకోవాలి. అక్కడ వరుస ఎంత ముందుదన్నది రెండో విషయం. ఆట నిడివి గురించి కూడా బెంగ వద్దు. 2023లో బంతి వేయడానికి కాలపరిమితి పెట్టినప్పటి నుంచి తొమ్మిది ఇన్నింగ్స్ ఆట సగటున రెండు గంటల నలభై నిమిషాలకు తగ్గింది. తొలి ఆటకు ముందు మాత్రం రెండు జట్ల ఆటగాళ్లందరినీ పేరు పేరునా పిలిచి గీతల వెంట నిలబెట్టే కార్యక్రమం ఉంటుంది. దాన్ని కూడా కలుపుకుంటే నాలుగు గంటలు కూర్చోవడానికి సిద్ధపడాలి.

చక్రాల కుర్చీకి వీలైన సీట్లను మిగతా సీట్లతో పాటే, అదే దశల్లో, అదే ధరల శ్రేణిలో అమ్మాలని వికలాంగుల హక్కుల చట్టం కింద ఉన్న నిబంధనలు చెబుతున్నాయి. అలాంటి సీటు కొనేవారు, సీట్లు అందుబాటులో ఉన్నంతవరకు, అదే వరుసలో పక్కన మరో మూడు సీట్లు తీసుకోవచ్చు. ఆన్‌లైన్‌లో కనిపించకపోతే టికెట్ కార్యాలయానికి ఫోన్ చేసి అడగడానికి సంకోచించవద్దు.

నిలబడి చూసే టికెట్ తీసుకోవడం మంచిదేనా?

యువకులకు మంచిదే. సీట్లు అయిపోయాక అవి అమ్మకానికి వచ్చిన సందర్భాల్లో తక్కువ ఖర్చుతో లోపలికి వెళ్లే అవకాశం దొరుకుతుంది. గేట్లు తెరిచిన వెంటనే వెళ్లి కమ్మీ దగ్గర చోటు పట్టుకోవాలి. చిన్నపిల్లలతో, పెద్దవారితో వెళ్లేవారికి మాత్రం పనికిరాదు.

వాన పడి ఆట వాయిదా పడితే టికెట్ ఏమవుతుంది?

మళ్లీ జరిగే తేదీకి అదే టికెట్ చెల్లుతుంది. 2018లో మార్చి 29న జరగవలసిన తొలి ఆటను వాన కారణంగా ముందుగానే మరుసటి రోజుకు మార్చారు. దూరం నుంచి వచ్చేవారు మరుసటి రోజు కూడా ఉండగలిగేలా ప్రయాణం వేసుకోవడం మంచిదని ఆ ఏడాది చాలామందికి తెలిసివచ్చింది. వాయిదాకు వాన ఒక్కటే కారణం కాదు. 1996 ఏప్రిల్ 1న ఆట మొదలైన కొద్ది నిమిషాలకే అంపైర్ జాన్ మెక్‌షెరీ మైదానంలో కుప్పకూలి మరణించారు. ఆ రోజు ఆట నిలిపివేసి మర్నాడు ఆడారు. కొత్త తేదీకి వెళ్లలేనివారు యాప్ ద్వారా మరొకరికి బదిలీ చేయవచ్చు. సాధారణ వాయిదాకు డబ్బు వాపసు వస్తుందని ఆశించవద్దు.

మైదానానికి ఎలా చేరుకోవాలి? ఏం తీసుకువెళ్లకూడదు?

ఊరేగింపు కోసం నడిబొడ్డు వీధులు మూసివేస్తారు కనుక కారులో మైదానం దాకా వెళ్లాలనుకోవడం పొరపాటు. పార్కింగ్ ముందుగా బుక్ చేసుకోవచ్చు. అంతకన్నా హాయిగా, నదికి అవతల కెంటకీలోని కోవింగ్టన్‌లో కారు నిలిపి, జాన్ రోబ్లింగ్ వేలాడే వంతెన మీదుగా నడిచి రావచ్చు. 1867 నుంచి వాడుకలో ఉన్న ఆ వంతెన మీద ఎర్రచొక్కాల జనంతో కలిసి నడవడమే ఒక అనుభవం. నగరంలో 2016 నుంచి నడుస్తున్న కనెక్టర్ ట్రామ్ ఉచితం. అది నది ఒడ్డునూ ఫిండ్లే మార్కెట్‌నూ కలుపుతుంది. ఊరేగింపు సాగే గంటల్లో మాత్రం దాని మీద ఆధారపడకండి. విమానంలో వచ్చేవారు సిన్సినాటి విమానాశ్రయం కెంటకీ రాష్ట్రంలో ఉందని గుర్తుంచుకుని, దారి చూసుకోవాలి.

పెద్ద సంచులు ఇంట్లో వదిలి, పూర్తిగా ఛార్జ్ చేసిన ఫోను, ఒక పవర్ బ్యాంకు, వెచ్చని జాకెట్టు తీసుకువెళ్తే చాలు. గేటు దగ్గర వేలమంది ఒకేసారి సిగ్నల్ కోసం ప్రయత్నిస్తారు కనుక టికెట్లను ముందుగానే ఫోన్ వాలెట్‌లో భద్రపరచుకోండి. కుటుంబం టికెట్లన్నీ ఒకే ఫోనులో ఉంటే అందరూ కలిసే లోపలికి వెళ్లాలి. ఎవరికి వారు వచ్చేట్టయితే ముందే బదిలీ చేసుకోవాలి.

ఎంత ప్రయత్నించినా టికెట్ దొరకలేదు. ఆ రోజు అక్కడికి వెళ్లడంలో అర్థం ఉందా?

ఉంది. ఫిండ్లే మార్కెట్ ఊరేగింపు చూడడానికి టికెట్ అక్కరలేదు. 1850ల నుంచి నడుస్తున్న ఆ సంత దగ్గర సాధారణంగా మధ్యాహ్నం వేళ బయలుదేరి, నగరం నడిబొడ్డు మీదుగా సాగుతుంది. పాఠశాలల బ్యాండ్లు, అలంకరించిన బండ్లు, పాత ఆటగాళ్లు, సంతలో కూరగాయలూ మాంసమూ అమ్మే వర్తకులు అందరూ అందులో ఉంటారు. ఒక్క జాగ్రత్త తీసుకోండి. ఈస్టర్ వారంలో సంతకు రద్దీ కాలం కావడంతో, 2018లో ఊరేగింపును తొలి ఆట రోజున కాకుండా ఏప్రిల్ 2న జరిపారు. ఈస్టర్, తొలి ఆట తేదీలు దగ్గరపడిన ఏడాది ఊరేగింపు ఎప్పుడన్నది విడిగా చూసుకోవాలి.

రేస్ వీధి పక్కన చోటు కోసం జనం ఉదయం నుంచే మడత కుర్చీలు వేసుకుంటారు. పదిన్నరకల్లా చేరితే పిల్లలకు ముందు వరుస దొరుకుతుంది. ఊరేగింపు ముగిశాక మైదానం పక్కన ఉన్న ‘ది బ్యాంక్స్’ అనే ప్రాంతపు వీధుల్లో జనం గుమిగూడి పెద్ద తెరల మీద ఆట చూస్తారు. లోపల హోమ్ రన్ పడితే ఆ కేక తెర మీద బొమ్మకన్నా ముందే గోడలు దాటి చెవిన పడుతుంది.